చెయ్యెత్తవద్దు, చెయ్యి వదలవద్దు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను దిగి చైతన్యపురి వైపు నాలుగడుగులు వేసినవారికి విదేశాల పేర్లు వెతుక్కోవలసిన పని లేదు. కంప్యూటరు కోర్సుల బోర్డులకూ హాస్టళ్ళ బోర్డులకూ నడుమ విదేశీ విద్య కన్సల్టెన్సీల బోర్డులు కిక్కిరిసి కనిపిస్తాయి. అమెరికా, కెనడా, జర్మనీల సరసన స్వీడన్ పేరు కూడా వాటిలో చేరి చాలా కాలమైంది. ఎల్.బి. నగర్ నుండి మన కుటుంబాలు మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి చూసి వచ్చే ఐకియా దుకాణం కూడా స్వీడన్‌లో పుట్టిన సంస్థదే. భారతదేశంలో దాని మొదటి దుకాణం 2018 ఆగస్టు 9న మన నగరంలోనే తెరుచుకున్నది. అక్కడ సామాను మనమే తీసుకోవాలి, తిన్న పళ్ళెం మనమే తీసి పెట్టాలి, కొన్న బల్లను ఇంటికి తెచ్చి మనమే బిగించుకోవాలి. డబ్బిచ్చిన తరువాత కూడా మన పని మనమే చేసుకోవడమేమిటని మొదట్లో విసుక్కున్నవారు ఉన్నారు. ఆ దేశపు స్వభావం ఆ పళ్ళెం దగ్గరే కొంత తెలుస్తుంది.

పిల్లలను ఆ దేశానికి పంపదలచిన తల్లిదండ్రులు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: అక్కడ మా బిడ్డ తన దీన్‌ను నిలుపుకోగలడా? ఇది అడగవలసిన ప్రశ్నే. అయితే దానికి ముందు మరొక ప్రశ్న ఉన్నది. మన బిడ్డ ఇక్కడి నుండి ఏ దీన్‌ను మోసుకుని వెళుతున్నాడు? నమాజు, ఉపవాసాలతో పాటు కాలాన్ని, పొరుగువానిని, పసివాడిని, వృద్ధులను గౌరవించే దీన్‌నా? లేక ఇవేవీ లేని దానినా? ఈ నెల స్వీడన్ దైనందిన జీవితాన్ని ఈ కోణం నుండి పరిశీలిద్దాం.

స్వీడన్ విస్తీర్ణంలో మన తెలంగాణకు దాదాపు నాలుగింతలు. జనాభా మాత్రం సుమారు 1 కోటి 5 లక్షలు. అంటే హైదరాబాదు మహానగరంలో ఉన్నంత మంది ప్రజలు అంత పెద్ద దేశమంతటా, అడవులకూ సరస్సులకూ నడుమ నివసిస్తున్నారన్నమాట. 2011కు ముందు అక్కడి విశ్వవిద్యాలయాలలో విదేశీ విద్యార్థులకు బోధనా రుసుము ఉండేది కాదు. దక్షిణ తీరంలోని కార్ల్‌స్క్రోనా పట్టణంలో ఉన్న బ్లెకింగె సాంకేతిక విద్యాసంస్థకూ మన జె.ఎన్.టి.యు.కూ మధ్య ఒప్పందం ఉండటం వలన తెలుగు విద్యార్థులు ఎందరో ఆ చిన్న పట్టణానికి చేరుకున్నారు. 2011 శరదృతువు నుండి ఐరోపా వెలుపలి విద్యార్థులకు రుసుము విధించారు. అప్పటి నుండి ప్రయాణమంటే అప్పు అనే మాట వచ్చింది. అప్పు అనగానే వడ్డీ వస్తుంది. విమానం ఎక్కిన తరువాత హలాల్ మాంసం దొరుకుతుందా అని ఆందోళన చెందే కుటుంబం, విమానం ఎక్కకముందే వడ్డీ పత్రంపై సంతకం చేయవలసి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలిములను సంప్రదించాలి. ఇది మొదటి మెట్టు.

వారి అలవాటు, మన ఆదేశం

స్వీడన్‌లో ఇంటి గుమ్మం దగ్గరే చెప్పులు విడుస్తారు. ఈ ఒక్క విషయంలో మన దాదీలకు అది పరాయి దేశంగా తోచదు. ఎవరి ఇంటికైనా వెళ్ళాలంటే ముందుగా మాట్లాడుకుని, వారు రమ్మన్న రోజున, రమ్మన్న గంటకు వెళతారు. చెప్పాపెట్టకుండా తలుపు తట్టడం అక్కడ మర్యాద కాదు. మన వాళ్ళకు ఇది ముభావంగా కనిపిస్తుంది. కాని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరాలో ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా ప్రవేశించవద్దనీ, తిరిగి వెళ్ళమంటే నొచ్చుకోకుండా వెళ్ళిపొమ్మనీ విశ్వాసులను ఆదేశించింది. మూడు సార్లు అనుమతి కోరి, జవాబు రాకపోతే వెనుదిరగమని దైవప్రవక్త (స) నేర్పారు. మనమేమో తలుపు తెరవకపోతే ఫోను చేస్తాము, ఫోను ఎత్తకపోతే నెల రోజులు అలుగుతాము.

అక్కడి అపార్ట్‌మెంట్లలో బట్టలు ఉతుక్కునే గది చాలా చోట్ల అందరికీ ఉమ్మడిగా ఉంటుంది. ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసుకుంటారు. తన గంట ముగిసే సరికి యంత్రం తుడిచి, నేల ఊడ్చి, తరువాతి వారికి అప్పగించాలి. ఇందులో చిన్న పొరపాటు జరిగినా గోడ మీద ఒక చీటీ ప్రత్యక్షమవుతుంది. కొత్తగా వెళ్ళిన మన విద్యార్థులు పొరుగువారి హక్కు అంటే ఏమిటో మొదట నేర్చుకునేది ఆ గదిలోనే. వాస్తవానికి ఆ పాఠం వారికి ఎల్.బి. నగర్‌లోనే అంది ఉండవలసింది. జిబ్రీల్ (అలైహిస్సలాం) పొరుగువారి గురించి ఎంతగా ఉపదేశించేవారంటే, ఆస్తిలో కూడా వారికి వాటా ఇస్తారేమోనని తమకు అనిపించిందని దైవప్రవక్త (స) తెలిపారు. ఆ హదీసును కంఠస్థం చేసిన మనం మన స్కూటరును పొరుగువాని గేటుకు అడ్డంగా నిలిపితే, ఆ కంఠస్థం మనకు సాక్ష్యమవుతుందా, మనపై సాక్ష్యమవుతుందా?

కాలం విషయం చెప్పనే అక్కరలేదు. పది గంటలంటే పది గంటలే. విశ్వవిద్యాలయాలలో తరగతికి పావుగంట వెసులుబాటు ఇచ్చే పాత ఆచారం ఒకటి ఉన్నది. అది కూడా అందరికీ తెలిసిన లెక్క ప్రకారమే. మందుల దుకాణంలోనూ బ్యాంకులోనూ చీటీ తీసుకుని తమ సంఖ్య వచ్చేవరకు కూర్చుంటారు. మన పెళ్ళి కార్డుపై రాత్రి ఎనిమిది అని ఉంటుంది, దస్తర్‌ఖాన్ పరిచేది పదకొండు తరువాత. చంకలో నిద్రపోయిన పిల్లలతో, మందులు వేసుకోవలసిన వృద్ధులతో అతిథులు ఫంక్షన్ హాలులో ఎదురు చూస్తుంటారు. రోజుకు ఐదు సార్లు నిర్ణీత సమయానికి నిలబడే సమాజం కాలపాలనను మరొకరి నుండి నేర్చుకోవలసి రావడం ఆలోచించదగిన విషయం.

వారి భాషలో ‘లాగొం’ అని ఒక మాట ఉన్నది. ఎక్కువా కాదు, తక్కువా కాదు, తగినంత అని దాని భావం. పళ్ళెంలో వడ్డించుకునే కూర నుండి మాట స్వరం వరకు ఈ కొలతనే వాడతారు. మన సమాజాన్ని మధ్యస్థ సమాజమని అల్‌బఖరా సూరా పేర్కొన్నది. ఆ మధ్యస్థత వలీమా విందులో ఎంత కనిపిస్తున్నదో, విందు ముగిశాక హాలు వెనుక పారబోసే బిర్యానీ చెబుతుంది.

ప్రకృతి విషయంలో వారికి మరొక మంచి ఆచారం ఉన్నది. అడవిలో ఎవరైనా నడవవచ్చు, చెట్ల కింది పండ్లూ పుట్టగొడుగులూ ఏరుకోవచ్చు, ఆ నేల మరొకరిదైనా సరే. షరతు ఒక్కటే: ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు, దేనినీ పాడు చేయకూడదు. ఈ హక్కును 1994లో వారి రాజ్యాంగంలో కూడా చేర్చారు. నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరి ఉమ్మడి వాటా అని బోధించిన ప్రవక్త (స) అనుచరులకు ఇది కొత్త సంగతి కాదు. దారిలోని హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని కూడా ఆయనే చెప్పారు. సరూర్‌నగర్ చెరువు గట్టుపై పడి ఉన్న ప్లాస్టిక్ సంచులలో మన ఇళ్ళ నుండి వెళ్ళినవి ఎన్నో మనమే లెక్క వేసుకోవాలి.

సూర్యుడు, విందు, కరచాలనం

ఇక ఆ దేశంలో నిజంగా జాగ్రత్తపడవలసిన విషయాలకు వద్దాం. మొదటిది సూర్యుడు. జూన్ మాసంలో స్టాక్‌హోంలో తెల్లవారుజామున మూడున్నరకే సూర్యుడు ఉదయించి, రాత్రి పది దాటాక అస్తమిస్తాడు. డిసెంబరులో ఉదయం ఎనిమిదిన్నర దాటితే గాని వెలుగు రాదు, మధ్యాహ్నం మూడు కాకముందే చీకటి పడుతుంది. జుహ్ర్, అస్ర్, మగ్రిబ్ నమాజులు మూడూ దాదాపు మూడు గంటల వ్యవధిలోకి వస్తాయి. ఉత్తరాన ఉన్న కిరునా పట్టణంలోనైతే వేసవిలో కొన్ని వారాలు సూర్యుడు అస్తమించడు.

ఈ చిక్కు ఈనాటిది కాదు. హిజ్రీ 309లో, అంటే 921లో, బాగ్దాదు ఖలీఫా అల్ ముఖ్తదిర్ దూతబృందంతో ఉత్తరాన వోల్గా నదీ తీరానికి బయలుదేరిన ఇబ్నె ఫద్లాన్ తన ప్రయాణ వృత్తాంతంలో ఇటువంటి సంఘటననే రాశారు. ఇషా అజాన్ కోసం ఎదురు చూస్తూ మాటల్లో పడ్డామనీ, అజాన్ విని బయటికి వస్తే తూర్పున తెల్లవారుతున్నదనీ, అడిగితే అది ఫజ్ర్ అజాన్ అని ముఅజ్జిన్ చెప్పాడనీ, ఇషాను అక్కడివారు మగ్రిబ్‌తోనే కలిపి చదువుతున్నారనీ ఆయన తెలిపారు. స్వీడన్ ప్రాంతపు నావికులతో సంబంధమున్న రూస్ వర్తకులను కూడా ఆయన ఆ నది ఒడ్డునే చూశారు. దజ్జాల్ కాలంలో ఒక రోజు సంవత్సరమంత సుదీర్ఘంగా ఉంటుందని దైవప్రవక్త (స) చెప్పినప్పుడు సహాబాలు మొదట అడిగింది, ఆ రోజున నమాజు మాటేమిటని. సమయాన్ని అంచనా వేసుకొమ్మని ఆయన జవాబిచ్చారు. ఆ హదీసును ఆధారం చేసుకునే ఉత్తర దేశాల విషయంలో ఆలిములు తీర్పులు ఇచ్చారు. కొందరు సమీప నగర వేళలను, మరికొందరు మక్కా వేళలను అనుసరించవచ్చన్నారు. కనుక వెళ్ళే బిడ్డ తన పట్టణంలోని మస్జిదు పట్టికను అనుసరించాలి. వాట్సాపులో వచ్చిన పట్టికలతో తోటివారితో వాదనకు దిగకూడదు. మాల్మోలో 1984 నుండి, ఉప్సాలాలో 1995 నుండి మస్జిదులున్నాయి. స్టాక్‌హోం మస్జిదు ఒకప్పటి విద్యుత్ కేంద్రపు భవనంలో 2000లో ప్రారంభమైంది.

రెండవది ఆహారం. మనకు ఇరానీ చాయ్ ఎటువంటిదో వారికి ‘ఫీకా’ అటువంటిది. పని మధ్యలో అందరూ లేచి, కాఫీ, దాల్చిన చెక్క బన్ను ముందు పెట్టుకుని, అధికారీ గుమాస్తా భేదం లేకుండా కూర్చుంటారు. పిలిచినప్పుడు వెళ్ళకుండా గదిలోనే ఉండిపోయేవాడు క్రమంగా ఒంటరి అవుతాడు. కాబట్టి వెళ్ళాలి, కాఫీ తాగాలి, తినకూడనిది ఉంటే చిరునవ్వుతో వద్దనాలి. గురువారం నాడు బఠాణీ సూపు తాగడం వారి పాత ఆచారం. అందులో సాధారణంగా పంది మాంసం ఉంటుంది. పిల్లల మిఠాయిలలో జెలటిన్ ఉండవచ్చు. జంతువును స్పృహ తప్పించకుండా జబహ్ చేయడాన్ని ఆ దేశ చట్టం 1930ల చివరి నుండి నిషేధించింది. అందువలన అక్కడ హలాల్ అని అమ్మే మాంసం ఎలా తయారైందో అడిగి తెలుసుకోవడం తప్పనిసరి.

మద్యం వారి సమాజంలో విస్తారంగా ఉన్నది. దానిని దాచవలసిన పని లేదు. కాని గాఢమైన మద్యాన్ని అమ్మే దుకాణాలు ప్రభుత్వ సంస్థవే. 20 ఏళ్ళు నిండనివారికి అక్కడ అమ్మరు, ఆదివారం తెరవరు. మన వీధులలో బడికీ ఆసుపత్రికీ వెళ్ళే దారిలోనే వైన్ షాపు దాటవలసి వస్తుంది. కనుక అబ్బాయి అక్కడికి వెళితే చెడిపోతాడేమో అని భయపడే తండ్రి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులో అబ్బాయి ఎవరితో తిరుగుతున్నాడో కూడా కనుక్కోవాలి. తఖ్వా లేనివాడికి ఏ ఊరూ క్షేమం కాదు.

మూడవది స్త్రీ పురుషుల మధ్య కరచాలనం. ఉద్యోగ పరీక్షకు వెళ్ళిన ఒక ముస్లిం యువతి పురుషునితో చేయి కలపకుండా, తన చేతిని గుండెపై ఉంచి అభివాదం చేసింది. దానితో పరీక్ష అక్కడే ముగిసిపోయింది. ఆమె పక్షాన వివక్ష నిరోధక అధికారి దావా వేయగా, 2018 ఆగస్టులో స్వీడన్ కార్మిక న్యాయస్థానం ఆమెకు అనుకూలంగా తీర్పునిచ్చి పరిహారం ఇప్పించింది. మర్యాదగా, నిలకడగా తన ధర్మాన్ని పాటించేవారికి ఆ దేశపు చట్టంలో చోటున్నదని దీని వలన తెలుస్తున్నది. గుండెపై ఉంచిన ఆ చేయి ఎవరినీ అవమానించలేదు.

ఒక దాదీ ఫిర్యాదు

ఎల్.బి. నగర్‌లో నివసించే ఒక పెద్దావిడ మనుమడిని చూడటానికి స్వీడన్ వెళ్ళి, మూడు నెలలుండి తిరిగి వచ్చారు. మంచు, చలి, నిశ్శబ్దం, వీటన్నింటినీ ఓర్చుకున్నారు. ఒక్కటి మాత్రం ఓర్చుకోలేకపోయారు. నాలుగేళ్ళ మనుమడు అల్లరి చేస్తే వీపు మీద ఒకటి వేయబోయారట. కొడుకు ఆ చేతిని పట్టుకుని, “అమ్మీ, ఇక్కడ పిల్లల మీద చెయ్యెత్తకూడదు. మా ఇంట్లో కూడా ఆ అలవాటు మానేశాం” అన్నాడట. “మౌల్వీ సాబ్, నేను కొట్టి పెంచినవాడే కదా ఇంజనీరయ్యాడు! ఇప్పుడు వాడు నాకు పెంపకం నేర్పిస్తున్నాడు. ఇది దీన్‌కు సమ్మతమేనా?” అని ఆమె అడిగారు.

ఆ దేశంలో పాఠశాలల్లో బెత్తం 1958 నాటికే ఆగిపోయింది. 1979 జూలై 1 నుండి ఇంటిలో తల్లిదండ్రులు కొట్టడాన్ని కూడా చట్టం నిషేధించింది. ప్రపంచంలో అటువంటి చట్టం చేసిన మొదటి దేశం స్వీడనే. ఇప్పుడు 60కి పైగా దేశాలు ఆ దారిలో నడిచాయి. చట్టం చేసి ఊరుకోకుండా, ఆ సమాచారాన్ని కరపత్రాలుగా ఇళ్ళకు పంపారు, పాల డబ్బాల మీద అచ్చు వేశారు. ఉదయం బల్ల చుట్టూ కూర్చున్న తల్లీ తండ్రీ బిడ్డా అందరూ దానిని చదివారు. అంతకు ముందటి సంవత్సరం, అంటే 1978లో, ఆ దేశపు ప్రసిద్ధ బాలసాహిత్య రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ జర్మనీలో ఒక పురస్కారం అందుకుంటూ ఒక తల్లి కథ చెప్పారు. తప్పు చేసిన కొడుకును కొట్టడానికి బెత్తం తెమ్మని ఆ తల్లి బయటికి పంపింది. వాడు చాలాసేపటికి ఏడుస్తూ వచ్చి, బెత్తం దొరకలేదనీ, దానికి బదులు తనపై విసరడానికి రాయి తెచ్చాననీ చెప్పాడు. అమ్మ తనను బాధపెట్టాలనుకుంటున్నది, అయితే రాయైనా సరిపోతుంది కదా అని ఆ పసివాడు అనుకున్నాడన్నమాట. తల్లి ఆ రాయిని వంటగది అరలో ఉంచుకున్నది, తనకు తాను చేసుకున్న ప్రమాణానికి గుర్తుగా.

ఇది వారి కథ. మన కథ ఇంతకంటే పురాతనమైనది. దైవమార్గంలో పోరాట సందర్భంలో తప్ప దైవప్రవక్త (స) ఏ స్త్రీనీ, ఏ సేవకుడినీ, ఎవరినీ తమ చేతితో కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యమిచ్చారు. చిన్న వయసులో ఆయన సేవలో చేరిన హజ్రత్ అనస్ (రజి), పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన విసుక్కోలేదని చెప్పారు. తనకు పదిమంది పిల్లలున్నారనీ, ఒక్కరినీ ముద్దు పెట్టుకోలేదనీ గొప్పగా చెప్పుకున్న అఖ్రా బిన్ హాబిస్‌తో, కరుణ చూపనివానికి కరుణ లభించదని ఆయన (స) అన్నారు.

ఇక్కడ చదువుకున్న పాఠకులకు నమాజు గురించిన హదీసు జ్ఞాపకం వస్తుంది: ఏడేళ్ళకు ఆజ్ఞాపించడం, పదేళ్ళకు మందలించి కొట్టడం. ఆ హదీసును మా విద్యార్థులకు బోధించేటప్పుడు నేను ఒక లెక్క వేయిస్తాను. ఏడు నుండి పది వరకు మూడేళ్ళు, రోజుకు ఐదు పూటలు. అంటే ఐదు వేలకు పైగా సార్లు ప్రేమతో పిలిచిన తరువాతి మాట అది. ఐదు సార్లు కూడా ప్రేమగా పిలవనివారికి ఆ హదీసును ఆశ్రయించే అర్హత ఎక్కడిది? పైగా మన హనఫీ ఫఖీహులు ఆ అనుమతికి గట్టి హద్దులు గీశారు. కర్ర వాడరాదు, చేతితోనే, మూడుకు మించరాదు, ముఖం తాకరాదు, గాయం కారాదు అన్నారు. అబ్జద్ తప్పు చదివినందుకు పడే బెత్తం, పాలు ఒలికినందుకు పడే చెంపదెబ్బ ఏ కితాబులోనూ లేవు.

మన దేశంలోనూ చట్టముంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పాఠశాలలో శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. 2012 సవరణతో మదరసాలు, వేద పాఠశాలలు ఆ చట్టం పరిధి నుండి మినహాయింపు పొందాయి. ఉపాధ్యాయులైన నా సహోదరులకు వినయంగా ఒక మాట. ఆ మినహాయింపు మన విద్యావిధానానికి స్వేచ్ఛ ఇచ్చింది, బెత్తానికి కాదు. పిల్లల పట్ల క్రూరత్వాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నేరంగానే పరిగణిస్తుంది. చట్టం చేయి అందని గది ఏదైనా ఉన్నదనుకున్నా, ఆ గదిలో ఇద్దరు దైవదూతలు రాస్తూనే ఉంటారు. ఖుర్ఆన్ చదువు అనగానే దెబ్బ గుర్తుకు వచ్చే పిల్లవాడు పెద్దయ్యాక, ఏ దేశంలో ఉన్నా, ఆ గ్రంథాన్ని ప్రేమతో తెరవగలడా? స్వీడన్ వెళితే దీన్ పోతుందని భయపడేవారు ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించాలి.

కాబట్టి ఆ దాదీతో నేను చెప్పింది ఇదే. అమ్మా, మీ కుమారుడు వీసాపై ఆ దేశంలో అడుగుపెట్టాడు. వీసా అంటే ఒడంబడిక. ఒడంబడికలను నెరవేర్చమని అల్‌మాయిదా సూరా మొదటి వాక్యంలోనే ఆదేశమున్నది. ఆ దేశ చట్టం ఇక్కడ మన దీన్‌కు విరుద్ధంగా లేదు, మన ప్రవక్త (స) సున్నత్‌కు దగ్గరగా ఉన్నది. మీ అబ్బాయి మీ చేయి పట్టుకున్నది అమర్యాదతో కాదు. అయితే, ఏకాంతంలో నెమ్మదిగా చెప్పవలసిన మాటను మనుమడి ముందే చెప్పి మీ మనసు నొప్పించాడు. ఆ విషయం అతనికి చెప్పవలసిందే.

వదంతి, ద్వేషం, న్యాయం

ఇదే సందర్భంలో ఒక వదంతి గురించి చెప్పాలి. స్వీడన్ ప్రభుత్వం ముస్లింల పిల్లలను అపహరిస్తున్నదనే వీడియోలు 2022 ప్రాంతంలో అనేక దేశాలలో వ్యాపించాయి. బిడ్డకు ప్రమాదమున్నదని తేలితే సంక్షేమ శాఖ జోక్యం చేసుకునే చట్టం అక్కడ ఉన్న మాట నిజం. అది అన్ని మతాలవారికీ ఒకటే. దానిని ముస్లింల అపహరణగా చిత్రించడం అబద్ధమని ఆ దేశ ప్రభుత్వం ఖండించింది. వార్త వచ్చినప్పుడు విచారించి నిర్ధారించుకోండని అల్‌హుజురాత్ సూరా మనకు నేర్పింది. ముందుకు పంపే ముందు వేలిని ఆపగలగడం కూడా ఆరాధనే.

మరొకటి మనందరినీ గాయపరచిన సంఘటన. 2023 జూన్ 28న, ఈదుల్ అజ్హా రోజున, స్టాక్‌హోం మస్జిదు ఎదుట ఒక వ్యక్తి దివ్య గ్రంథాన్ని దహనం చేశాడు. పోలీసులు దానికి అనుమతి ఇచ్చారు. ఆ దేశ విదేశాంగ శాఖ ఆ చర్యను ఇస్లాం పట్ల ద్వేషంగా పేర్కొని నిరాకరించింది. మన బాధ సహజం. కాని ఒక జాతి పట్ల కలిగిన కోపం న్యాయాన్ని విడిచిపెట్టేలా చేయకూడదని కూడా ఖుర్ఆనే బోధించింది. ఆ గ్రంథాన్ని కాల్చినవాడి పేరు చరిత్రలో మిగలదు. గ్రంథం చెప్పినట్లు జీవించేవారు ఆ నగరంలోనే పొరుగువారికి కాఫీ పోస్తూ, తమ వంతు ముగియగానే నేల తుడుస్తూ ఉన్నారు. ద్వేషానికి సరైన జవాబు వారి జీవితమే.

మనం వదలకూడనిది

ఇంతవరకు వారి నుండి గుర్తు చేసుకోదగినవి చెప్పుకున్నాం. ఇప్పుడు వారి వద్ద లేనిది ఒకటి చూద్దాం.

స్వీడన్ పిల్లలు ఇరవై ఏళ్ళ వయసుకే ఇల్లు విడిచి వేరుగా ఉంటారు. ఐరోపాలో అంత త్వరగా ఇల్లు విడిచే దేశాలు కొద్ది. ఒంటరిగా నివసించేవారి సంఖ్య అక్కడ చాలా ఎక్కువ. వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ బాధ్యతను చట్టం పిల్లలపై పెట్టదు. ఆ బాధ్యత పురపాలక సంస్థది. సహాయకులు ఇంటికి వచ్చి మందులిస్తారు, భోజనం పెడతారు, స్నానం చేయిస్తారు. ఈ ఏర్పాటును తేలికగా తీసిపారేయకూడదు. ఆకలితో, దిక్కులేకుండా ఏ వృద్ధుడూ ఉండకూడదనే సంకల్పం గొప్పది. బిడ్డ పుట్టినప్పుడు తల్లికీ తండ్రికీ కలిపి 480 రోజుల సెలవు ఇచ్చే దేశం కుటుంబాన్ని పట్టించుకోదని అనలేము. అందులో 90 రోజులు తండ్రి స్వయంగా వాడుకోవలసినవే. అక్కడ పార్కులలో ఉయ్యాల బండి తోసుకుంటూ తిరిగే తండ్రులు సాధారణ దృశ్యం. ఇంటి పనులలో సహాయపడిన ప్రవక్త (స) అనుచరులు దీనికి నవ్వకూడదు.

కాని ప్రభుత్వం మందు ఇవ్వగలదు, నుదురు తడిమి చూసే కొడుకు చేతిని ఇవ్వలేదు. 2020 కరోనా కాలంలో అక్కడి వృద్ధాశ్రమాలలో ఎందరో మరణించారు. వృద్ధులను కాపాడటంలో విఫలమయ్యామని ప్రభుత్వం నియమించిన సంఘమే ఆ సంవత్సరం డిసెంబరులో నివేదించింది.

మన దేశంలో 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేయవలసి వచ్చింది. అంటే కన్నవారికి అన్నం పెట్టమని కొడుకులకు చట్టం చెప్పవలసిన స్థితికి మన సమాజం కూడా చేరిందన్నమాట. దానికి 1400 సంవత్సరాల ముందే బనీ ఇస్రాయీల్ సూరా తల్లిదండ్రులతో ‘ఉఫ్’ అని కూడా అనవద్దని ఆదేశించింది. వారి ఎదుట వినయపు రెక్కను దించమన్నది, చిన్ననాడు వారు పెంచినట్లే వారిని కరుణించమని అల్లాహ్‌ను వేడుకొమ్మన్నది. ధర్మపోరాటానికి అనుమతి కోరి వచ్చిన యువకుడిని, తల్లిదండ్రులు జీవించి ఉన్నారా అని అడిగి, వారి సేవలోనే శ్రమించమని దైవప్రవక్త (స) తిప్పి పంపారు.

అందుకే ఆ దాదీ కుమారునికి, అటువంటి వేలాది కుమారులకు నా మాట. బాబూ, పిల్లవాడిపై చెయ్యెత్తకూడదని నేర్చుకున్నావు, సంతోషం. అమ్మీ చెయ్యి వదలకూడదనే పాఠాన్ని మాత్రం అక్కడెవరూ నేర్పరు, అది నీతోపాటు తీసుకువెళ్ళవలసిందే. నెలనెలా వచ్చే డబ్బు ఆమె మందులకు సరిపోతుంది, ఆమె ఒంటరితనానికి సరిపోదు. శుక్రవారం నాడు ఒక గంట ఆమెకు కేటాయించు. ఫోనులో నీ సంగతులు తగ్గించి ఆమె సంగతులు విను. ఇక్కడున్న తోబుట్టువులకు బాధ్యత అప్పగించి చేతులు దులుపుకోకు. సెలవులో వచ్చినప్పుడు నగరంలోని స్నేహితుల కంటే ముందు ఆమె పక్కన కూర్చో.

వెళ్ళే ముందు

పిల్లలను పంపే తల్లిదండ్రులు పెట్టె సర్దేటప్పుడు పచ్చళ్ళు, స్వెటర్లతో పాటు కొన్ని విషయాలు సర్ది పెట్టాలి. నమాజు వేళలు అసాధారణంగా ఉండే చోట ఏమి చేయాలో ఆలిముల వద్ద తెలుసుకుని వెళ్ళాలి. చేరిన మొదటి వారంలోనే మస్జిదు వెతుక్కోవాలి. వండుకోవడం, ఉతుక్కోవడం, గది శుభ్రం చేసుకోవడం అబ్బాయిలకు కూడా ఇక్కడే నేర్పాలి. అక్కడ గురువులను కూడా పేరు పెట్టి, ‘నువ్వు’ అని పిలుస్తారు. 1960ల చివరి నుండి ఆ మార్పు సమాజమంతటా స్థిరపడింది. బిడ్డ అక్కడి పద్ధతిని అక్కడ పాటించవచ్చు, ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం ‘ఆప్’, ‘మీరు’ నాలుక మీద ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంట్లో కరుణ చూసి పెరిగిన బిడ్డను పంపాలి. కరుణతో అందిన దీన్‌ను మనిషి ఎంత దూరమైనా మోసుకువెళతాడు, భయంతో అంటించినది మొదటి విమానాశ్రయంలోనే రాలిపోతుంది.

అల్లాహ్ మన పిల్లలను, వారెక్కడ ఉన్నా, తన రక్షణలో ఉంచుగాక! చిన్నవారిపై చెయ్యెత్తని మృదుత్వాన్ని, పెద్దవారి చెయ్యి వదలని విశ్వాసాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.